రైతు చీటీలో రూపాయి తేడా: లెక్కగట్టిన విలువలకు డేటాబేసులో చోటెక్కడ?

కర్నూలు మార్కెట్ యార్డులో ఉల్లి అమ్మిన ఒక పెద్దాయన రెండు కాగితాలు పట్టుకుని కమీషన్ దుకాణం గుమస్తా ముందు నిలబడ్డాడు. ఒకటి కాటా అయిన రోజు చేతికిచ్చిన చీటీ. అందులో సరుకు విలువ 23,540 రూపాయలు. రెండోది నెలాఖరున తీసిచ్చిన ఖాతా కాగితం. అందులో అదే సరుకుకు 23,539. "ఏది నిజం నాయనా?" అని అడిగాడు. గుమస్తా రూపాయి బిళ్ల తీసి ఇవ్వబోతే పుచ్చుకోలేదు. ఆయనకు కావలసింది రూపాయి కాదు, జవాబు. ఆ దుకాణానికి వెబ్ అప్లికేషన్ రాసింది నేనే కాబట్టి ఆ జవాబు నేను చెప్పాలి.

ముందు సరుకు సంగతి. గడ్డ సైజును బట్టి, ఆరుదలను బట్టి వేలంలో ధర మారుతుంది కాబట్టి ఆయన తెచ్చిన ఉల్లి మూడు లాట్లయింది. మొదటిది 12 సంచులు, మొత్తం 634.5 కిలోలు, క్వింటాలుకు 1,430 రూపాయలు. రెండోది 17 సంచులు, 903 కిలోలు, ధర 1,220. మూడోది చిన్న గడ్డ, 9 సంచులు, 471 కిలోలు, ధర 780. ఖాళీ సంచికి అర కిలో చొప్పున తీసేస్తే నికర తూకాలు వరుసగా 628.5, 894.5, 466.5 కిలోలు. సొమ్ము 8,987.55, 10,912.90, 3,638.70. కూడితే 23,539.15.

చీటీ అచ్చువేసే పేజీ ఒక్కో లాటునూ ముందే దగ్గరి రూపాయికి సర్దింది. 8,988, 10,913, 3,639 కలిపి 23,540 చేసింది. ఖాతా పేజీ పైసలతోనే కూడి, చివర ఒక్కసారి సర్ది 23,539 చూపింది. ఈ రెండు పద్ధతుల్లో ఏదో ఒకటి పాటించి ఉంటే ఎవరూ తప్పుపట్టేవారు కాదు. ఒకే అప్లికేషన్‌లో రెండూ ఉండటమే తప్పు. చీటీ పేజీ రాసినప్పుడు ఒకసారి, మూడు నెలల తర్వాత ఖాతా పేజీ రాసినప్పుడు మరోసారి, ఒకే లెక్కను నేను రెండుచోట్ల రాశాను. రెండోసారి రాస్తున్నప్పుడు మొదటిది గుర్తుకు రాలేదు.

ఇది చిన్న దుకాణానికే పరిమితమైన చిక్కు కాదు. డేటాబేసు మీద నడిచే ప్రతి అప్లికేషన్‌లోనూ రెండు రకాల విలువలుంటాయి. మనిషి చూసి, కొలిచి, అడిగి నమోదు చేసినవి ఒక రకం: సంచులెన్ని, కాటా ఎంత చూపింది, వేలంలో ధర ఎంత పలికింది. వాటినుంచి లెక్కగట్టగలిగినవి రెండో రకం: నికర తూకం, సొమ్ము, రైతుకు రావలసిన బాకీ, బాకీ పడి ఎన్ని రోజులైంది. మొదటి రకానికి పట్టికలో కాలమ్ ఉండాలని ఎవరికీ సందేహం రాదు. రెండో రకాన్ని పట్టికలో దాచాలా, అడిగినప్పుడు లెక్కగట్టాలా, లెక్కగడితే ఎక్కడ గట్టాలా అన్న దగ్గరే అనుభవమున్నవాళ్లు కూడా తడబడతారు.

ఐబీఎం శాన్ హోసే పరిశోధనశాలలో పనిచేసిన ఎడ్గర్ కాడ్ 1970లో ప్రచురించిన వ్యాసం నుంచే మనం ఇప్పుడు వాడుతున్న పట్టికల డేటాబేసులు పుట్టాయి. ఉన్న సమాచారం నుంచి రాబట్టగలిగినదాన్ని మళ్లీ నిల్వచేస్తే ఆ రెండింటికీ పొంతన చెడే ప్రమాదం ఉంటుందన్న విషయాన్ని ఆయన ఆ వ్యాసంలోనే చర్చించారు. నికర తూకానికి మామూలు కాలమ్ ఒకటి పెట్టామనుకోండి. సంచుల సంఖ్య 12 కాదు 13 అని గుమస్తా మర్నాడు దిద్దుతాడు. నికర తూకం దిద్దడం మరచిపోతే ఒకే వరుసలో రెండు పరస్పర విరుద్ధమైన మాటలు పక్కపక్కనే కూర్చుంటాయి. ఏది నిజమో డేటాబేసు చెప్పలేదు. అందుకే రాబట్టగలిగినదాన్ని దాచకుండా, అడిగినప్పుడు లెక్కగట్టడం మొదటి నియమం. ఈ నియమానికి ఒక పెద్ద మినహాయింపు ఉంది. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

అడిగినప్పుడు లెక్కగట్టాలనుకున్నవాళ్లు మొదట చేసే పని ఆబ్జెక్టుకే ఒక ఫంక్షన్ తగిలించడం. పట్టికలోని ఒక్కో వరుసను ప్రోగ్రాములో ఒక ఆబ్జెక్టుగా చూపించే పద్ధతి పైథాన్ భాషలో వెబ్ అప్లికేషన్లు కట్టుకునే చట్రమైన జాంగోలో ఉంది, రూబీ భాషలో అలాంటిదే అయిన రెయిల్స్‌లో ఉంది, ఇంకా చాలాచోట్ల ఉంది. లాట్ అనే క్లాసులో (ఆ ఆబ్జెక్టుల నమూనాలో) నికర తూకం అనే ప్రాపర్టీ, అంటే అడిగినప్పుడు లెక్కగట్టి ఇచ్చే పేరు, రాస్తే, ఏ పేజీలోనైనా లాటును పట్టుకుని దాని నికర తూకం అడగవచ్చు. చదవడానికి హాయిగా ఉంటుంది, పరీక్షించడం తేలిక. లాటు వివరాలు చూపే పేజీకి ఇంతకంటే మంచి పద్ధతి లేదు.

కానీ ఈ ప్రాపర్టీ ఉన్న సంగతి డేటాబేసుకు తెలియదు. "నికర తూకం ఎనిమిది క్వింటాళ్లు దాటిన లాట్లు చూపించు" అని క్వెరీలో, అంటే డేటాబేసుకు పంపే ప్రశ్నలో, అడిగితే, అలాంటి కాలమ్ లేదని లోపం వస్తుంది. తూకం ప్రకారం వరుసలో పెట్టమన్నా అంతే. అప్పుడు తొందరలో ఉన్నవాళ్లు లాట్లన్నిటినీ మెమరీలోకి తెచ్చుకుని అక్కడ ఏరుకుంటారు. సీజను మొదట్లో యాభై లాట్లున్నప్పుడు తేడా తెలియదు. రెండేళ్ల సరుకు పోగయ్యాక పేజీ తెరుచుకోదు. ఆ ప్రాపర్టీ లోపల మరో పట్టికను తాకే పని ఉంటే పరిస్థితి ఇంకా కష్టం. మూడు వందల లాట్ల జాబితాలో ఒక్కో లాటూ తన రైతు పేరును విడిగా తెచ్చుకుంటే, ఒక్క పేజీకి 301 క్వెరీలు నడుస్తాయి. చూడ్డానికి అది ఒక సాదా పేరులా ఉంటుంది, వెనుక మాత్రం ప్రతిసారీ డేటాబేసు దాకా వెళ్లి వస్తుంది.

రెండో చోటు క్వెరీ. డేటాబేసునే లెక్కగట్టమని, ఆ ఫలితాన్ని ప్రతి వరుసకూ అదనపు విలువగా అంటించి పంపమని అడుగుతాం. జాంగోలో దీనికి యానొటేట్ అనే పద్ధతి ఉంది. మొత్తం తూకం నుంచి సంచుల సంఖ్యను సంచి బరువుతో గుణించి తీసేయమని రాస్తే, వచ్చిన ప్రతి లాటు ఆబ్జెక్టుకూ ఆ విలువ అతికి ఉంటుంది. దానిమీద ఏరవచ్చు, వరుసలో పెట్టవచ్చు, కూడవచ్చు. జాబితాలకూ నివేదికలకూ నేను ఎక్కువగా దీనినే వాడతాను.

అయితే ఇందులో ఒక ఉచ్చు ఉంది. ఈ వ్యాసంలో ఒక్కటే గుర్తుపెట్టుకోమంటే దీన్నే గుర్తుపెట్టుకోమంటాను. ఎందుకంటే ఇది లోపం చూపించదు, తప్పు అంకెను నిబ్బరంగా చూపిస్తుంది. మన పెద్దాయనకు మూడు లాట్లున్నాయి. అంతకుముందు ఎరువులకని ఒకసారి 2,000, కూలీలకని మరోసారి 3,000 అడ్వాన్సు తీసుకున్నాడు. రైతుల జాబితాలో ఒక్కొక్కరి పక్కన సరుకు మొత్తం, అడ్వాన్సు మొత్తం చూపాలి. సహజంగా తోచేది, రైతుకు లాట్లను కలిపి, అడ్వాన్సులనూ కలిపి, రెండు మొత్తాలూ ఒకే క్వెరీలో అడగడం. డేటాబేసు ఏం చేస్తుందంటే, ప్రతి లాటునూ ప్రతి అడ్వాన్సుతో జతకడుతుంది. మూడు లాట్లు, రెండు అడ్వాన్సులు, మొత్తం ఆరు వరుసలు. ప్రతి లాటూ రెండుసార్లు కనబడుతుంది, ప్రతి అడ్వాన్సూ మూడుసార్లు కనబడుతుంది. సరుకు విలువ 23,539.15 కాస్తా 47,078.30 అవుతుంది. అడ్వాన్సు 5,000 కాస్తా 15,000 అవుతుంది. బాకీ 18,539.15 రావలసిన చోట 32,078.30 వస్తుంది.

అడ్వాన్సు ఒక్కటే తీసుకున్న రైతు దగ్గర సరుకు విలువ సరిగ్గానే వస్తుంది. ఒక్క లాటు, ఒక్క అడ్వాన్సు ఉన్నవారి దగ్గర రెండూ సరిగ్గా ఉంటాయి. రాసినవాడు పరీక్షకు పెట్టుకునే నమూనా రైతు సాధారణంగా అలాంటివాడే. అందుకే ఈ తప్పు పరీక్షలన్నీ దాటుకుని అసలు మనుషుల ఖాతాల్లో బయటపడుతుంది. జాంగో అధికారిక పత్రాలు కూడా ఇలా ఒకటికి మించిన మొత్తాలను ఒకే క్వెరీలో కలపడం గురించి స్పష్టంగా హెచ్చరిస్తాయి. మందు ఏమిటంటే, ఏ మొత్తానికి ఆ మొత్తాన్ని దాని పట్టికలోనే విడిగా లెక్కగట్టుకుని రావాలి. క్వెరీ లోపల చిన్న ఉపక్వెరీగా లాట్ల మొత్తం ఒకటి, అడ్వాన్సుల మొత్తం ఇంకొకటి రాయాలి. క్వెరీ కొంచెం పొడుగవుతుంది, లెక్క నిలబడుతుంది.

ఇంకో సంగతి ఖాళీల గురించి. కాటా అయింది, వేలం ఇంకా కాలేదు, ధర గడి ఖాళీగా ఉంది. అప్పుడు సొమ్ము ఎంత? సున్నా కాదు, ఇంకా తెలియదు. డేటాబేసు ఆ భేదాన్ని పాటిస్తుంది: ఖాళీతో గుణిస్తే ఖాళీయే వస్తుంది. మొత్తం కూడేటప్పుడు మాత్రం ఖాళీలను పక్కన పెట్టి మిగతావి కూడుతుంది. అసలు వరుసలే లేకపోతే మొత్తంగా కూడా సున్నా ఇవ్వదు, ఖాళీ ఇస్తుంది. అడ్వాన్సు ఎన్నడూ తీసుకోని రైతుకు సరుకు విలువలోంచి ఖాళీని తీసేస్తే బాకీ గడి ఖాళీ అవుతుంది, ఆయనకు రావలసిందేమీ లేనట్టు కనబడుతుంది. అక్కడ ఖాళీ వస్తే సున్నా అనుకో అని మనమే చెప్పాలి. ధర విషయంలో మాత్రం అలా చెప్పకూడదు. అడ్వాన్సు లేకపోవడం సున్నా. ధర తేలకపోవడం సున్నా కాదు. ఈ నిర్ణయం ప్రోగ్రాము తెలిసినంత మాత్రాన చేయలేం, యార్డులో పని ఎలా జరుగుతుందో తెలిసినవాళ్లే చేయగలరు.

మూడో చోటు పట్టికే. జనరేటెడ్ కాలమ్ అంటారు. పట్టిక కట్టేటప్పుడే ఈ కాలమ్ విలువ ఫలానా కాలమ్‌ల నుంచి ఫలానా సూత్రంతో వస్తుందని ప్రకటిస్తాం. అందులోకి ఎవరూ చేత్తో రాయలేరు. మూలం మారితే అదీ మారుతుంది, కాబట్టి సంచులు దిద్ది తూకం మరచిపోయే బాధ లేదు. డేటాబేసులను అడిగే భాష ఎస్‌క్యూఎల్‌కు 2003లో వచ్చిన ప్రమాణంలోనే దీని ప్రస్తావన ఉంది. డేటాబేసు ప్రోగ్రాముల్లో మైఎస్‌క్యూఎల్‌కు 5.7 వెర్షన్‌తో 2015లో, పోస్ట్‌గ్రెస్‌కు 12తో 2019లో, ఎస్‌క్యూలైట్‌కు 3.31తో 2020లో వచ్చింది. జాంగో 2023 డిసెంబరులో వచ్చిన 5.0తో దీనికి సొంత ఫీల్డు ఇచ్చింది. విలువను డిస్కు మీద నిల్వచేసే రకం ఒకటి, చదివినప్పుడల్లా లెక్కగట్టే రకం ఒకటి. పోస్ట్‌గ్రెస్‌లో రెండో రకం 2025లో వచ్చిన 18 దాకా లేదు.

దీని హద్దులు గట్టివి. అదే వరుసలోని కాలమ్‌లను మాత్రమే చూడగలదు. రైతు బాకీలాంటిది వేరే పట్టికల నుంచి రావాలి కాబట్టి ఇక్కడ కుదరదు. పోస్ట్‌గ్రెస్‌లోనైతే ఒక జనరేటెడ్ కాలమ్ మరో జనరేటెడ్ కాలమ్‌ను వాడుకోలేదు. నికర తూకం ఒకటి ప్రకటించి, సొమ్ముకు దాన్నే వాడదామంటే ఒప్పుకోదు. సూత్రం మొత్తం మళ్లీ రాయాలి. ఈ సంగతి నాకు నచ్చదు, కానీ ఆ రెండు ప్రకటనలూ ఒకే చోట, ఒకదాని కింద ఒకటి ఉంటాయి కాబట్టి రెండు పేజీల్లో చెల్లాచెదురుగా ఉండటం కంటే ఎంతో మేలు. నికర తూకానికి ఇప్పుడు నేను వాడుతున్నది ఇదే.

ఈ కాలమ్‌లలో ఈ రోజు తేదీని వాడలేం. ఆ నిషేధంలో న్యాయం ఉంది. బాకీ పడి ఎన్ని రోజులైందన్న విలువ ఎవరూ ఏమీ ముట్టుకోకుండానే రాత్రికి రాత్రి మారిపోతుంది. దాన్ని నిల్వచేస్తే తెల్లారేసరికి అబద్ధమవుతుంది. తేదీని దాచి, రోజులను చదివేటప్పుడే లెక్కగట్టాలి. వయసు కాకుండా పుట్టినతేదీ దాచమనేది కూడా అందుకే. ఇక్కడ యార్డుకు ప్రత్యేకమైన మెలిక ఒకటి ఉంది. పల్లెల నుంచి సరుకు తెల్లవారకముందే దిగుతుంది. సర్వర్లు ఎక్కువగా అంతర్జాతీయ ప్రామాణిక సమయంలో నడుస్తాయి. మన సమయం దానికంటే అయిదున్నర గంటలు ముందుంటుంది. 15వ తేదీ తెల్లవారుజామున నాలుగింటికి దిగిన లారీ సర్వరు దృష్టిలో 14వ తేదీ రాత్రి పదిన్నరకు దిగినట్టు. సమయం నుంచి తేదీని లెక్కగట్టేటప్పుడు మన కాలమండలం చెప్పకపోతే, పొద్దున అయిదున్నరలోపు వచ్చిన సరుకంతా నిన్నటి ఆమదానీలో, అంటే నిన్న యార్డుకు వచ్చిన సరుకు లెక్కలో, కలిసిపోతుంది.

రూపాయి తేడాకు మళ్లీ వస్తాను, ఎందుకంటే దానికి ఇంకో వేరు ఉంది. రెండు చోట్లా ఒకే దశలో సర్దినా తేడా రావచ్చు. 3,638.50ను దగ్గరి రూపాయికి సర్దమంటే పైథాన్‌లోని రౌండ్ ఫంక్షన్ 3,638 అంటుంది. సరిగ్గా సగం వస్తే సరిసంఖ్య వైపు మొగ్గడం దాని పద్ధతి. పోస్ట్‌గ్రెస్‌లో న్యూమెరిక్ రకానికి అదే పని చెబితే 3,639 ఇస్తుంది. బ్రౌజరులోని జావాస్క్రిప్ట్ కూడా 3,639 అంటుంది. అంటే లెక్క సర్వరులో కొంత, డేటాబేసులో కొంత, ఫోనులో కొంత జరుగుతుంటే, సూత్రం అక్షరం పొల్లుపోకుండా ఒకటే అయినా జవాబులు వేరవుతాయి. పైగా డబ్బును, దశాంశాలను ఉజ్జాయింపుగా దాచే ఫ్లోట్ రకంలో పెట్టుకుంటే 0.1కి 0.2 కలిపినప్పుడు 0.30000000000000004 వస్తుంది. డబ్బుకు దశాంశాలను ఉన్నవి ఉన్నట్టు దాచే డెసిమల్ రకం వాడాలి, లేదా పైసల్లో పూర్ణసంఖ్యగా దాచాలి. ఫోను అప్లికేషన్‌కు సంచులూ ధరా పంపి లెక్కగట్టుకోమనకూడదు. లెక్కగట్టిన సొమ్మునే పంపాలి, ఫోను దాన్ని చూపించాలి.

ఇక ఆ మినహాయింపు. హమాలీ కూలి సంచికి 20 రూపాయలుండి, తర్వాత 22 అయిందనుకుందాం. ఆ రేటు ఒక పట్టికలో ఉంది, చీటీలో కోత దాన్నుంచే లెక్కగడుతున్నాం. రేటు మార్చిన క్షణాన, నిరుడు ఇచ్చిన చీటీలన్నీ మారిపోతాయి. 38 సంచులు తెచ్చిన పెద్దాయన పాత చీటీని మళ్లీ తీస్తే 76 రూపాయలు తక్కువ చూపిస్తుంది. అప్పుడు ఆయన దగ్గరున్న కాగితానికి మన కంప్యూటర్ ఎదురు సాక్ష్యం చెబుతుంది. జీఎస్టీ రేట్లు 2025 సెప్టెంబరు 22న మారినప్పుడు కూడా ఇదే ప్రశ్న. సిమెంటు మీద 28 శాతం 18 అయింది. సెప్టెంబరు 21న ఇచ్చిన బిల్లును ఈ రోజు తెరిచినా 28 శాతమే కనబడాలి.

కాబట్టి రాబట్టగలిగేదంతా దాచవద్దన్న మొదటి నియమాన్ని ఇలా సవరించుకోవాలి. ఒక విలువ మన తెర మీద చూసుకోవడానికే అయితే ఎప్పటికప్పుడు లెక్కగట్టాలి. అదే విలువను కాగితం మీద పెట్టి మరొకరి చేతికిచ్చాక అది లెక్క కాదు, జరిగిన సంఘటన. ఫలానా రోజున ఫలానా రైతుకు ఇంత అని చెప్పాం. అలా చెప్పడం కూడా కాటా చూపిన తూకమంత నిజం, దాన్ని అలాగే నమోదు చేయాలి. చీటీ జారీ అయిన క్షణాన సొమ్ము, కోతలు, ఆనాటి రేటు అన్నీ చీటీ పట్టికలోకి నకలు అవ్వాలి, ఆ తర్వాత మారకూడదు. తూకంలో నిజంగానే పొరపాటు బయటపడితే పాత చీటీని దిద్దకుండా, సవరణ చీటీ అని మరొకటి ఇవ్వాలి. ఇది కొత్త సంగతేమీ కాదు. చిట్టా పుస్తకంలో కొట్టివేతలుండకూడదని పాతకాలపు గుమస్తాలు పట్టుబట్టింది ఇందుకే.

వేగం కోసం దాచే మొత్తాలు వేరు. రైతు పేరు పక్కన బాకీని ముందే లెక్కగట్టి ఉంచుకుంటే జాబితా త్వరగా వస్తుంది. కానీ ఇద్దరు గుమస్తాలు ఒకే రైతుకు ఒకే క్షణంలో నమోదు చేస్తే, ఇద్దరూ పాత బాకీ 10,000 అని చదివి, ఒకరు 2,000, మరొకరు 3,000 కలిపి రాస్తారు. చివర రాసినవారి అంకె మిగులుతుంది, ముందు రాసినవారు కలిపిన సొమ్ము మాయమవుతుంది. చదివి కలిపి రాయకుండా, "ఉన్నదానికి ఇంత కలుపు" అని డేటాబేసుకే చెప్పాలి. నిజంగా అవసరం పడేవరకు ఈ దారి పట్టకపోవడం మంచిది. ఒక దుకాణం లావాదేవీలకు సరైన ఇండెక్సు (త్వరగా వెతకడానికి డేటాబేసు ఉంచుకునే సూచిక) ఉన్న క్వెరీ సరిపోతుంది.

పెద్దాయన అడిగిన తర్వాత మేము అప్లికేషన్‌లో చేసిన మార్పు ఇది. సొమ్ము లెక్కగట్టే సూత్రం ఒక్కచోటికి వచ్చింది. లాటు లాటుకూ పైసలతోనే చూపి, అడుగున ఒక్కసారే రూపాయికి సర్దుతున్నాం. ఆ సర్దుబాటును చీటీలో విడిగా ఒక గీతగా అచ్చువేస్తున్నాం, ఏ పదిహేను పైసలు ఎటు పోయాయో చదివినవాళ్లకు కనబడాలని. అంతకుముందు ఇచ్చిన చీటీలను మాత్రం కొత్త సూత్రంతో మళ్లీ లెక్కగట్టలేదు. వాటిలో ఉన్న అంకెలను ఉన్నవి ఉన్నట్టు నమోదు చేసి, ఖాతా పేజీ ఇకనుంచి వాటినే చదివేట్టు మార్చాం.

పెద్దాయనకు కొత్త ఖాతా కాగితం తీసిచ్చాం. అందులో 23,540 ఉంది.